గట్టు మీదా, గట్టు మీనా?

పాలకొల్లు పంతులమ్మ
పాత సినిమాల్లో నాకు నచ్చిన పదింటికి వరస వేస్తున్నాను. పైమూడూ తేలిపోయాయి: మూగమనసులు (1964), మల్లీశ్వరి (1951), మాయాబజార్ (1957). ఒక్కోదాని కింద ఒక్కో పాటముక్క రాద్దామనుకుంటే మొదటిదాని దగ్గరే కలం ఆగింది. "గోదారి గట్టుంది" పాట, సరే. ఆ తర్వాత వచ్చేది గట్టు "మీద" సెట్టుందా, గట్టు "మీన" సెట్టుందా? సెట్టుకి పేచీ లేదు, సుశీలమ్మ నోట స్పష్టంగానే ఉంది. ఈ ఒక్క అక్షరమే ఒకసారి ద, ఇంకోసారి న. ఎవరైనా తేల్చండి.

తణుకు
మాయాబజార్‌ని మూడో పీట మీద కూచోబెట్టారేంటండీ? 2013లో ఓ టీవీ చానెల్ ఓటింగు పెడితే దేశంలోని సినిమాలన్నిటికంటే పైన నిలిచింది. మీ ప్రశ్నకి జవాబు "న". అనుమానం అక్కర్లేదు.

పాలకొల్లు పంతులమ్మ
నా వరస నా ఇష్టం అండీ. పింగళి వారి మీద గౌరవం తక్కువై కాదు. పడవ మీద గౌరి గుర్తొస్తే మిగతావన్నీ వెనక్కి పోతాయి, ఏం చెయ్యను?

రాజోలు మేష్టారు
అమ్మా, ఇది పాత అరసున్న గొడవ. మాట అసలు రూపం మీఁద. దీర్ఘం తర్వాత నిండుసున్న నిలవదు కాబట్టి అరసున్నగా మిగిలింది. బడిలో మనం దాన్ని చెరిపేశాం, జనం నాలుక చెరపలేదు. ఆ ముక్కుధ్వనే "ద"ని మింగేసి "న" అయింది. పండ్రెండు పన్నెండు అయినట్టే అనుకోండి. కాబట్టి "మీన" అపభ్రంశం కాదు, "మీద"కంటే అదే పాతదనం ఉన్న రూపం.

భీమవరం
మేష్టారూ, నమస్కారం. మరి "కింద" ఏం పాపం చేసింది? అక్కడ నిండుసున్నే ఉంది కదా. గట్టు కిన అని ఎవరూ అనరేం?

రాజోలు మేష్టారు
అక్కడ హ్రస్వం. హ్రస్వం తర్వాత సున్న నిండుగా ఉంటుంది, దాని పక్కన "ద" కూడా గట్టిగా నిలబడుతుంది. నేను చెప్పింది దీర్ఘం సంగతి. మళ్ళీ చదువు నాయనా.

భీమవరం
చదివాను. అరసున్నతో పని లేకుండానే తెమిలే లెక్క ఇంకోటుంది. లోన, పైన. ఈ రెండిటి పక్కన కూచుని కూచుని మీద కూడా "మీన" అయింది. ఉత్త సాదృశ్యం. "కింద"కి ఆ సావాసం లేదు, అది "కిందన" అయి ఊరుకుంది. నండూరి వారి ఎంకి పాటలో గుండె ఎక్కడ కొట్లాడుతాదో గుర్తుందిగా? గొంతుకలోన. "గొంతుకలో" అని పాడి చూడండి, ఊపిరి అక్కడే తెగిపోతుంది.

తణుకు
మీనం అంటే చేప కదా. గోదారి గట్టున పులస ఉందంటే నమ్ముతాం, సెట్టెందుకొచ్చిందండీ మధ్యలో?

హైదరాబాదులో ఉంటున్న అమలాపురం
నవ్వుకున్నది చాలు, ఇది వినండి. పాట రాసింది దాశరథి. ఆయనది మానుకోట దగ్గర చినగూడూరు. ఇక్కడ మా ఆఫీసులో వరంగల్ వాళ్ళు రోజూ "టేబుల్ మీన పెట్టిన" అంటుంటారు. గోదారి పాటలోకి ఆయన తన ఊరి మాటని చల్లగా దింపేశారు. మనం అరవై ఏళ్ళుగా మనదే అనుకుని పాడుకుంటున్నాం.

విజయనగరం ఆడపడుచు (ఉండేది కాకినాడ)
పాడిన సుశీలమ్మది ఏ ఊరో మర్చిపోయారు. మా విజయనగరం. మా వైపు "మీన" అనకపోతే వింత. కాగితం మీద ఏముందో గానీ, మైకు దగ్గర "న" పెట్టింది మా అమ్మాయే అని నా గట్టి నమ్మకం.

భీమవరం
బావుంది. రాసినాయనది మానుకోట, పాడినావిడది విజయనగరం, తెర మీద ఆడిన జమున పెరిగింది దుగ్గిరాల, బాణీ కట్టిన మహదేవన్ గారిది తమిళదేశం. ఇక మన గోదారికి మిగిలిందేంటి?

రాజోలు మేష్టారు
ఆదుర్తి సుబ్బారావు. రాజమండ్రి మనిషి. ఆయన చెవిని దాటకుండా ఒక్క అక్షరం తెరకెక్కదు. అదే సినిమాలో ఆత్రేయ పాట గుర్తు తెచ్చుకోండి. రాధ చదువుకున్న పిల్ల కదా, తిన్నగా "చిలకా" అంటుంది. గోపి ఒప్పుకోడు, "సిలకా" అనిపిస్తాడు. మనం ఇక్కడ పడుతున్న తగువు వాళ్ళు పడవలోనే తీర్చేసుకున్నారు.

పాలకొల్లు పంతులమ్మ
అక్కడ తీరింది చ, స తగువు మేష్టారూ. నేనడిగింది ద, న.

సఖినేటిపల్లి
పుస్తకాలెందుకండీ. నరసాపురం వెళ్ళే పంటు ఎక్కండి. పొద్దున్నే చేపల గంపలతో వచ్చే మామ్మలుంటారు. మొన్న ఒకావిడ గంప దింపి, తడి కొంగు పిండుకుంటూ నా వంక చూసి, "బల్ల మీన కూకో బాబా, ఒడ్డు దాకా నిలబడతావేటి" అంది. ఆవిడ తెలంగాణా చూసుండదు, విజయనగరమూ చూసుండదు. వశిష్ఠ దాటితే ఆవిడకి అదే పరదేశం.

హైదరాబాదులో ఉంటున్న అమలాపురం
ఆవిడ ఆ పాట విని ఉండదంటారా? గోదారి జిల్లాల్లో ఆ పాట వినని చెవి ఎక్కడుందండీ! పాటే ఊరికి మాట నేర్పి ఉండొచ్చు కదా.

సఖినేటిపల్లి
పాట విని "మీద" మానేసి "మీన" పట్టుకుందా? ఆయ్, అలాగే కానివ్వండి.

హైదరాబాదులో ఉంటున్న అమలాపురం
నా బాధ వేరు. దాశరథి అనగానే "కోటి రతనాల వీణ" ఒక్కటి చెప్పి వదిలేస్తారు. నిజామాబాద్ జైల్లో బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసిన చెయ్యే గాలిబ్‌ని తెలుగులోకి తెచ్చింది. ఆ చెయ్యే "ఖుషీ ఖుషీగా నవ్వుతూ" అని ఉర్దూని తెలుగు పాటలో ఒలికించింది. పరాయి ఊరి యాస తొడుక్కోవడం ఆయనకో లెక్క కాదు. నా వరకు సినిమా పాటల్లో ఆయన తర్వాతే ఎవరైనా.

పాలకొల్లు పంతులమ్మ
కృష్ణశాస్త్రి గారు మా మల్లీశ్వరిలో ఉండగా ఆ మాట ఎలా అన్నారండీ? "మనసున" అని మొదలెట్టారు. "మనసులో" అని ఉంటే ఆ మల్లెలు ఊగేవా?

భీమవరం
చూశారా, అక్కడా "న"నే! లోన, పైన, మనసున, మీన. నా లెక్కకి ఇంకో సాక్షి దొరికింది.

రాజోలు మేష్టారు
ఆ "న" సప్తమి. ఈ "న" వేరు. అన్నీ ఒకే గంపలో వెయ్యకు.

కాకినాడ ఇంజనీరింగ్ కుర్రాడు
మా హాస్టల్లో కూడా జాబితాలు నడుస్తున్నాయి, కాకపోతే ప్రోగ్రెసివ్ రాక్‌లో. నాకు మొదటిది పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 1971 నాటి ఎకోస్. ఇరవై మూడు నిమిషాల పైచిలుకు పాట, అందులో మాటలు గుప్పెడు. వాటిలో అక్షరం గురించి ఎవరూ కొట్టుకోరు. గిటార్ ఎక్కడ లేచిందని కొట్టుకుంటారు.

రాజోలు మేష్టారు
మాటలు గుప్పెడైతే మరీ జాగ్రత్తగా వినాలి బాబూ. ఇక్కడా గుప్పెడే. గట్టు, సెట్టు, పిట్ట, ఆపైన ఓ మనసు. అంతకంటే ఏముందక్కడ?

విజయనగరం ఆడపడుచు (ఉండేది కాకినాడ)
"పిట్టుంది" సంగతి ఎవరూ ఎత్తలేదేం? గట్టుంది, సెట్టుంది అంటే ఉత్వం, అభ్యంతరం లేదు. పిట్ట అకారాంతం. అక్కడ కూడా అంత నిర్మొహమాటంగా కలిపేశారే!

భీమవరం
అత్తుకి బహుళం అన్నారు కదండీ చిన్నయసూరి గారు. కలిపినా తప్పు కాదు, విడదీసినా తప్పు కాదు. కాకపోతే విడదీస్తే మహదేవన్ తాళం ఒప్పుకోదు.

తణుకు
పాటల పుస్తకం తిరగేస్తే పోదా?

రాజోలు మేష్టారు
వాటిని నమ్మి చెడిపోవద్దు. అచ్చేసేవాడు సెట్టుని చెట్టు చేస్తాడు, మీనని మీద చేస్తాడు, పైగా పిల్లలకి శుద్ధమైన తెలుగు ఇచ్చానని సంతోషపడతాడు. రికార్డు వినండి. "మీ" దీర్ఘం మీద ఆవిడ ఎంత సేపు నిలిచిందో చూడండి. ముక్కు పలకకుండా అంత సాగదు.

సఖినేటిపల్లి
ఇప్పుడే విన్నాను. నాకు "న"నే. కానీ చరణంలో ఇంకోటి తగిలింది. పొగరు ముందు వచ్చేది "వగరు వగరుగా" అంటారు అందరూ. నాకు "ఒగరు" అని వినపడుతోంది.

తణుకు
వగరే. పోకచెక్క నవిలినవాడికి తెలుస్తుంది.

విజయనగరం ఆడపడుచు (ఉండేది కాకినాడ)
మా వైపు ఒగరు అనే అంటారు.

రాజోలు మేష్టారు
నిఘంటువుల్లో రెండూ ఉన్నాయి. ఏది ముందు పుట్టిందో చెప్తాను, భోంచేసి వస్తాను.