యుద్ధం ఆగాక తటస్థ దేశం సైన్యాన్ని పంపాలంటే ఏమేం కావాలి?

చిక్కడపల్లి_బ్యాచ్: రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య ఎప్పటికైనా కాల్పుల విరమణ కుదిరితే మన దేశం శాంతిదళాన్ని పంపొచ్చా? "ఏ పక్షమూ కాదు కాబట్టి ఇద్దరూ ఒప్పుకుంటారు" అని లైబ్రరీ బయట చాయ్ దగ్గర సగం మంది వాదన. అసలు పద్ధతేంటి, ఎక్కడ బెడిసికొడుతుంది?

పాత_పటం: తటస్థమైనంత మాత్రాన తలుపు తీయరు తమ్ముడూ. 1953లో కొరియాలో సొంత దేశానికి వెళ్లనన్న యుద్ధఖైదీల బాధ్యత మనకిచ్చారు. ఆ పని చూసే తటస్థ దేశాల కమిషన్‌కి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. అయినా మన జవాన్లు తన నేల మీద కాలు పెట్టకూడదన్నాడు దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ. ఓడల మీంచి హెలికాప్టర్లలో నేరుగా సైన్యరహిత మండలానికి చేర్చాల్సి వచ్చింది.

ఇక అనుమతి. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో 15కి 9 ఓట్లు రావాలి, వీటో పడకూడదు. ఇక్కడ రష్యాకే వీటో ఉంది. 1956లో ఈజిప్టు మీద సూయెజ్ యుద్ధం అప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్ వీటో వేస్తే సర్వసభ్య సమావేశం దళాన్ని పంపింది, అందులో మనమూ ఉన్నాం. కానీ ఆ దారిలో వెళ్తే ఆతిథ్య దేశం మాటే చెల్లుతుంది. 1967 మేలో ఈజిప్టు పొమ్మంది, దళం కదిలింది. జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం.

లెక్కల_మాస్టారు: అందరూ మర్చిపోయేది మనుషుల లెక్క. సిరియా, ఇజ్రాయెల్ సైన్యాల్ని విడదీసే గోలాన్‌లో సమితి దళం కాసే మధ్య మండలం పొడవు 80 కిలోమీటర్లే, దానికే వెయ్యి మంది దాకా కావాలి. ఉక్రెయిన్‌లో వెయ్యి కిలోమీటర్లు దాటిన గీత! పైగా 850 మంది బెటాలియన్ ఒకటి అక్కడుంటే ఇంకొకటి శిక్షణలో, మరొకటి తిరిగొచ్చి విశ్రాంతిలో. అంటే మూడింతలు.

ఖర్చు సమితి ఇస్తుంది. 2018 జులై నుంచి కొన్నేళ్లు మనిషికి నెలకు 1,428 డాలర్లు ఇచ్చింది, అదీ ప్రభుత్వానికి. బండ్లకు అద్దె వేరు, తనిఖీలో నడవని బండికి అద్దె కోత. సభ్యదేశాలు చందా ఆలస్యం చేస్తే బకాయి మన నెత్తినే.

చిక్కడపల్లి_బ్యాచ్: మరి శ్రీలంకకి మన శాంతిదళం వెళ్లింది కదా, అది?

పాత_పటం: అది సమితి దళం కాదు. 1987 జులై 29 ఒప్పందం రెండు ప్రభుత్వాల మధ్య. తుపాకీ పట్టిన ఎల్‌టీటీఈ సంతకం చేయలేదు, అక్టోబర్‌కల్లా మనమే పోరులో దిగాం.

మూడుతాళాలు: సొంత ఇంట్లోనూ చిక్కులుంటాయి. తటస్థ ఐర్లండ్ పన్నెండు మందికి మించి పంపాలంటే సమితి తీర్మానం, మంత్రివర్గం, పార్లమెంటు, మూడూ సరేననాలని ఏళ్ల తరబడి పద్ధతి. ఆస్ట్రియా 1974 నుంచి గోలాన్‌లో ఉండి, 2013లో సిరియా పోరు ఖునేత్రా సరిహద్దు ద్వారం దాకా రాగానే వెనక్కి పిలిచేసింది. దళంలో మూడో వంతుకు పైగా ఒక్కసారిగా ఖాళీ. అందుకే ఒక్క దేశం మీద అంతగా ఆధారపడకూడదు, తటస్థమైనా సరే.