అందమైన చిన్న ఊరు: కాపురానికా, చూసి రావడానికా?

సెలయేరు: కొండ పక్కనో సరస్సు పక్కనో ఉన్న చిన్న ఊళ్లో స్థిరపడితే తప్పేముంది? ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లకు నగరంతో పనేముంది? మంచి గాలి, కంటినిండా నిద్ర, ట్రాఫిక్ టెన్షన్ లేదు.

వెన్నెలదారి: మీ జీతం బయటి నుంచి వస్తోంది కాబట్టి మీకు బాగానే ఉంటుందండీ. అక్కడే పనిచేసి అక్కడే అద్దె కట్టేవాళ్ల సంగతేంటి? అందం చూసి బయటివాళ్లు ఇళ్లు కొంటారు, ధరలు పెరుగుతాయి. పనులేమో హోటళ్లలో, అవీ సీజన్‌లోనే. ఈ బాధ పడలేకే స్విట్జర్లాండ్‌లో 2012లో ప్రజలు ఓటేసి, సెలవులకు మాత్రమే వాడే ఇళ్లు 20 శాతం దాటిన ఊళ్లలో అలాంటివి కొత్తగా కట్టకూడదన్నారు. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో 2016లో ఇంకో రూలు పెట్టుకున్నారు: కొత్తగా కట్టిన ఇంట్లో ఏడాది పొడవునా ఎవరో ఒకరు కాపురం ఉండాల్సిందే. సగం ఇళ్లకు తాళాలుంటే బడికి పిల్లలు రారు, బస్సులు తగ్గుతాయి, ఆ తర్వాత మందుల షాపు కూడా మూతపడుతుంది.

సెలయేరు: అవి పేరు మోసిన ఊళ్లు. ఎవరికీ పెద్దగా తెలియనివి బోలెడున్నాయి.

గాలిపటం: తెలిసేదాకానే ఆ ప్రశాంతత! ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ జనాభా 800 లోపే. సెల్ఫీల తాకిడి తట్టుకోలేక 2023లో అందరూ ఫొటోలు దిగే చోట చెక్క కంచె కట్టారు. విమర్శలు రావడంతో తీసేశారనుకోండి. నన్నడిగితే జనం కంటే ఆసుపత్రి దూరమే అసలు సమస్య. పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే మందు మామూలుగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి, దానికి ముందు స్కాన్ తీయాలి. స్కాన్ కోసం ఘాట్ రోడ్డు దిగాలంటే, అదీ కొండచరియలు విరిగిపడిన రోజున? ముప్పై ఏళ్లప్పుడు ఇది గుర్తుకు రాదు.

చిన్నూరు: నేను అలాంటి ఊళ్లోనే ఉంటున్నా. జలుబు చేస్తే ఊరంతా పలకరిస్తుంది. విడాకులైనా అంతే! దీంతో సర్దుకోలేనివాళ్లు తొందరగానే వెళ్లిపోతారు. కొనేముందు వానాకాలంలోనో మంచు కాలంలోనో అద్దెకుండి చూడండి.

వెన్నెలదారి: అద్దెకు దొరికితే కదా! సీజన్ రాగానే ఖాళీ చేయమంటారు. రోజువారీ గదులుగా ఇచ్చుకుంటే ఓనరుకు ఎక్కువ మిగులుతుంది మరి.