ఏవ్‌బరీ రాళ్లూ, రిడ్జ్‌వే బాటా: నాన్నగారితో ఒక్క రోజులో ఎంత నడవవచ్చు?

స్విండన్ కోడలు:
మే నెలాఖరులో మా అమ్మానాన్నలు నల్లగొండ నుంచి వస్తున్నారు. నాన్నగారు సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు పశువులు కాస్తూ ఊరి బయట రాకాసి గూళ్ల (పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధుల) నీడలో కూర్చునేవారట. పాత రాయి కనిపిస్తే చేత్తో తడిమి చూడనిదే కదలరు. స్టోన్‌హెంజ్ చూపిస్తానంటే, "తాడుకు ఇవతల నిలబడి చూసే రాళ్లు నాకెందుకమ్మా" అన్నారు. అందుకే ఇక్కడ ఇంగ్లండ్‌లోనే మరో పాత రాళ్ల వలయం ఉన్న ఏవ్‌బరీ ఊరు అనుకున్నాను. ఆయనకు 67 ఏళ్లు, నడక బాగా అలవాటు. అమ్మకు మోకాళ్ల నొప్పి. మాకు కారు లేదు. అక్కడికి దగ్గర్లోని పాతకాలపు కాలిబాట రిడ్జ్‌వే మీద కూడా కొంత నడిపించాలని ఉంది. ఎలా వెళ్లాలి?

కాలిబాట:
మీ నాన్నగారికి తగిన చోటు అదే. నేను మార్ల్‌బరోలో ఉంటాను, పదకొండేళ్లుగా ఆ బాటలు తొక్కుతున్నాను. స్విండన్ నుంచి డివైజెస్ వెళ్లే బస్సు ఊరి మధ్యనే ఆగుతుంది. ఊరంతా రాళ్ల వలయానికి లోపలా బయటా పరుచుకుని ఉంటుంది. టికెట్ లేదు, ప్రతి రాయినీ తాకవచ్చు. ఉలి తగలని సార్సెన్ (గట్టి ఇసుకరాయి) రాళ్లవి, నిలబెట్టి నాలుగున్నర వేల ఏళ్లవుతోంది. మధ్యయుగంలో కొన్నింటిని పడదోసి పూడ్చేశారు. 1930లలో అలెగ్జాండర్ కీలర్ అనే పురావస్తు పరిశోధకుడు వాటిని తవ్వి తీసి మళ్లీ నిలబెట్టాడు. రాయి దొరకని చోట సిమెంటు దిమ్మ పాతించాడు. హద్దురాళ్లతో జీవితం గడిపిన మనిషి ఆ దిమ్మల దగ్గర తప్పకుండా ఆగుతారు. ఆగనివ్వండి, తొందర పెట్టకండి.

అమ్మగారిని వలయంలోనే ఉండమనండి. కూర్చోవడానికి పచ్చిక ఉంది, టీ దొరుకుతుంది. మీరిద్దరూ దక్షిణపు దారిన వెస్ట్ కెన్నెట్ అవెన్యూలోకి దిగండి. జంటలు జంటలుగా రాళ్లు, నడుమ గొర్రెలు. రాళ్లు అయిపోయాక కూడా అదే దిక్కున సాగితే, మొత్తం రెండున్నర కిలోమీటర్లలో ఓవర్టన్ హిల్ వస్తుంది. 139 కిలోమీటర్ల రిడ్జ్‌వే మొదలయ్యేది అక్కడే. ఉత్తరంగా మూడు కిలోమీటర్ల లోపు నడిచి, ఎడమకు గ్రీన్ స్ట్రీట్ అనే బాట పట్టుకుంటే తిరిగి ఏవ్‌బరీ. మొత్తం ఎనిమిది కిలోమీటర్లు.

ఎడమకు తిరిగే ముందు ఒక్క పని చేయండి. కుడివైపు ఫైఫీల్డ్ డౌన్ అనే గడ్డి మెట్ట అంచున, గడ్డిలో ఒక రాయి పడుకుని ఉంటుంది. దాని మీద అయిదారు గాళ్లు, పక్కనే పళ్లెంలా నున్నబడిన గుంట. కొత్త రాతియుగం వాళ్లు గొడ్డళ్లు నూరుకున్న రాయి అది. నేను ఎప్పుడు వెళ్లినా ఆ గాడిలో వేలు పెట్టి చూస్తాను. నిలబెట్టిన రాళ్లన్నింటికన్నా నాకు అదే ఎక్కువ ఇష్టం.

వాన పడితే మాత్రం జాగ్రత్త. అక్కడి నేల సుద్ద, తడిస్తే సబ్బులా జారుతుంది. నాకు ఒకసారి మణికట్టు విరిగింది.

గోదారిగట్టు:
అక్కడికి దగ్గర్లోనే ఉన్న పొడవాటి మట్టిదిబ్బ సమాధి, వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారోను వదిలేశారేమిటండీ? స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్ల కన్నా వెయ్యేళ్లు ముందుది. లోపల అయిదు గదులు, నిటారుగా నిలబడవచ్చు. రాకాసి గూళ్లు ఎరిగిన వారికి ముందు చూపించవలసింది అదే. టార్చి తీసుకెళ్లండి.

కాలిబాట:
నిజమే. అయితే దాన్ని మరో పూటకు ఉంచండి. రెండూ ఒకే రోజున పెట్టుకుంటే ఏదీ నిదానంగా చూడలేరు.

స్విండన్ కోడలు:
వెళ్లివచ్చాం. నాన్నగారు అవెన్యూలో జంటకూ జంటకూ నడుమ దూరం అంగలతో కొలుస్తూ నడిచారు. దాదాపు ప్రతిసారీ ముప్ఫై రెండు. గొడ్డళ్ల రాయి దొరకడానికి గంట పట్టింది. గాళ్లలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. జేబురుమాలుతో ఆ నీళ్లు అద్ది తుడిచి, అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే కూర్చున్నారు. లాంగ్ బారోకు వచ్చే శనివారం వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తానంటోంది.