అప్‌డేట్: విరిగిన ఫ్రిజ్ గొడవ తేలింది (పర్లాకిమిడి)

హైదరాబాద్ అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న ఫ్రిజ్ తలుపు పగిలి వచ్చింది, ఒడిశాలో ఉన్న నేను కేసు ఎక్కడ వేయాలి అని అడిగాను కదా. డబ్బు వెనక్కి వచ్చింది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి రాజీకి చూస్తారు, తీర్పు చెప్పే అధికారం లేదు. అవతలివాళ్లు ఉలకలేదు, పలకలేదు. దాంతో వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు కాబట్టి మా గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఎంచుకున్నా. పాత 1986 చట్టంలో ఈ వీలు లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

అసలు టెన్షన్ అఫిడవిట్‌తోనే (రాసింది నిజమని ప్రమాణం చేసే పత్రం). నోటరీ చేయించి, స్కాన్ తీసి, పీడీఎఫ్ ఎక్కించాలి. నెట్ సెంటర్ కుర్రాడు ఒడియాలో విసుక్కుంటూనే, తలుపు కీలు దగ్గరి పగులు ఫొటో సైజు తగ్గించి పెట్టాడు. బిల్లు కన్నా ఆ ఫొటోయే పనిచేసిందని నా అనుమానం. కమిషన్ నోటీసు అందగానే అమ్మకందారే ఫోన్ చేసి రాజీకొచ్చాడు. వీడియో విచారణ దాకా పోలేదు. కావాలంటే చట్టంలో ఆ వీలుంది, అర్జీ పెట్టి అడగాలి.

డబ్బు ఖాతాలో పడేదాకా కేసు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మీరూ తీసుకోకండి.