హాల్డేన్ మన జువాలజీ చదువుల గురించి అన్నది సబబేనా?

పాత_రికార్డు: జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో లండన్ కొలువు వదులుకుని కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. చంపి కోయనక్కర్లేదు, బతికున్నవాటిని చూసి లెక్కపెట్టండి, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు అనేవారు. ఆయన దగ్గరే ద్రోణంరాజు కృష్ణ ఏ సీతాకోకచిలుక లాంటానా పొదల్లో ఏ రంగు పువ్వు మీద వాలుతోందో గమనించి ప్రచురించారు. మన డిగ్రీ కాలేజీల్లో ఇదెందుకు లేదు?

మాజీ_లెక్చరర్: 31 ఏళ్లు డిసెక్షన్ చేయించాను. సొరచేప తలలో ఐదో నరం తెగకుండా పైకి తీసి, కింద నల్లకాగితం ముక్క పెట్టి చూపించడం సీతాకోకల్ని లెక్కపెట్టినంత తేలిక కాదు. చుట్టపుచూపుగా వచ్చినాయన మాటలకేం!

గోదారి_గట్టు: చుట్టపుచూపేంటండీ? 1961లో మన పౌరసత్వం తీసుకున్నారు. 1964లో భువనేశ్వర్‌లో పోతే దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

మాజీ_లెక్చరర్: చూశారా, కోయొద్దన్నాయనే తనను కోసుకోమన్నారు!

గోదారి_గట్టు: ఆయన ఇష్టపడి ఇచ్చారు. కప్పని అడిగామా?

బీజెడ్‌సీ_బాధితుడు: కప్ప గొడవ ఆపండి. 2014లోనే యూజీసీ డిసెక్షన్లు వద్దంది.

పాత_రికార్డు: చెరువుగట్టున తీతువు పిట్ట గూడు దగ్గర పదకొండు రోజులు కూర్చుని నోట్సు రాసుకెళ్లాను. మా సారు "సిలబస్‌లో ఉందా?" అన్నారు. పీత బొమ్మకు షేడింగ్ వేశానని రికార్డులో మార్కులు కూడా కోశారు. హాల్డేన్ దగ్గర పరిశోధకుడు జయకర్ గమనించిందీ తీతువు గూళ్లనే!

మాజీ_లెక్చరర్: నేనైనా అదే అనేవాణ్ణి. అరవైమంది పిల్లలు, ఒక్క అటెండరు. స్పాటరైతే, అంటే బల్లమీద పెట్టిన నమూనాని చూసి పేరు చెప్పడమైతే, తప్పో ఒప్పో తేలిపోతుంది. నువ్వు గట్టున కూర్చున్నావో, ఇంట్లో పడుకుని రాశావో నాకేం తెలుసు?

పాత_రికార్డు: అదీ అసలు సంగతి. మమ్మల్ని నమ్మరు.

మాజీ_లెక్చరర్: మమ్మల్ని మాత్రం ఎవరు నమ్మారయ్యా? నా పిల్లలకు నేను మార్కులేస్తే చెల్లవని వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ని పంపేవారు. ఆయన మధ్యాహ్నం బస్సుకి దిగి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేవాడు. ఆ మూడు గంటల్లో తీతువు నోట్సుకి ఎన్ని మార్కులేస్తాడు?

గోదారి_గట్టు: 1857లో మన యూనివర్సిటీలకి లండన్ యూనివర్సిటీని చూసి పెట్టుకున్న పద్ధతి అది. పాఠం ఒకరిది, పరీక్ష ఇంకొకరిది.

మాజీ_లెక్చరర్: సరే, ఆ నోట్సు ఉంటే ఫోటో పెట్టు బాబూ, చూస్తాను.

పాత_రికార్డు: ఇల్లు మారినప్పుడు పోయింది సార్. పీత బొమ్మ రికార్డు ఉంది.