ఎమర్జెన్సీలో పోలింగ్ వాయిదా వేయాలంటే ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటి చాలా?

ప్రశ్న: వరదలు, మహమ్మారి లాంటివి వస్తే తేదీ మార్చే అధికారం ఎవరిది?

జవాబు 1: ముందు తేదీ ఎక్కడ రాసి ఉందో చూడండి. రాజ్యాంగంలో ఉంటే సవరణ కావాలి, చట్టంలో ఉంటే చట్టసభ మార్చాలి. అమెరికా అధ్యక్ష ఎన్నిక తేదీ కాంగ్రెస్ చట్టంలో ఉంది కాబట్టి అధ్యక్షుడు మార్చలేడు.

జవాబు 2: అసలు చిక్కు సభ గడువుతోనే. శ్రీలంకలో 2020 మార్చి 2న పార్లమెంటు రద్దయింది. మూడు నెలల్లో కొత్త సభ కొలువుదీరాలి, పోలింగేమో ఆగస్టు 5న జరిగింది. సవాలు చేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు. ప్రతిచోటా అలా గట్టెక్కుతారని అనుకోవద్దు.

జవాబు 3: పద్ధతి మార్చినా ఇదే తంటా. పోలండ్‌లో 2020లో పోస్టల్ ఓటింగ్ చట్టం అమల్లోకి రాకముందే ప్రధాని ఏర్పాట్లకు ఆదేశించారు; అది చట్టవిరుద్ధమని పరిపాలనా కోర్టు తేల్చింది. ఇంకోటి, వాయిదా ఉత్తర్వులో పాత నామినేషన్లు, ఇప్పటికే పడిన పోస్టల్ ఓట్లు చెల్లుతాయో లేదో స్పష్టంగా రాయాలి. చాలామంది మరిచేది ఇదే.