అప్‌డేట్: బ్రిటన్ అమెరికాకు ఎందుకు దారిచ్చింది?

ఎదుగుతున్న జర్మనీతో యుద్ధానికి దిగిన బ్రిటన్, అలాగే ఎదుగుతున్న అమెరికాతో ఎందుకు రాజీపడిందని అడిగాను కదా. జవాబులన్నీ చదివాను. ‘ఇద్దరిదీ ఒకే భాష’ అన్నది నాకు ఆనలేదు. 1812లో ఆ భాష మాట్లాడుతూనే కొట్టుకున్నారు మరి! దూరమే కారణమన్న మాట సబబుగా ఉంది. 1898 నుంచి జర్మనీ నౌకాదళాన్ని పెంచింది బ్రిటన్ గుమ్మం ముందే, ఉత్తర సముద్రంలో. అమెరికా మహాసముద్రం అవతల ఉంది. అందుకే 1895లో తన వలస గయానాకూ వెనెజులాకూ మధ్య సరిహద్దు గొడవలో అమెరికా పట్టుబడితే, బ్రిటన్ చివరికి మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1901లో మధ్య అమెరికా కాలువను (తర్వాతి పనామా కాలువ) అమెరికా ఒక్కటే కట్టుకోవడానికీ సరేనంది. దూరపు సముద్రాల భారం తగ్గించుకోవడానికి మరుసటి ఏడాది జపాన్‌తోనూ పొత్తు పెట్టుకుంది.

ఒక డౌట్ మిగిలింది. 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ కోసం బ్రిటన్ సైన్యాన్ని దింపితే, అదే అమెరికా డబ్బుతో ఒత్తిడి తెచ్చి బ్రిటన్‌ను వెనక్కి తగ్గేలా చేసింది. ఇలాంటి రోజు వస్తుందని 1901లో లండన్‌లో ఎవరైనా హెచ్చరించారా? తెలిసినవాళ్లు చెప్పండి.